తుప్పు పట్టిన నట్లు, కదలని పుల్లీ: ముందుగా ఏం కొనాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఇల్లు సముద్రానికి బాగా దగ్గర. నా దగ్గర 2006 నాటి మారుతి 800 ఉంది. రిటైరైన తర్వాత దాని చిన్నాచితకా పనులు నేనే చేసుకుంటున్నాను. ఈ మధ్య ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజను నుంచి పొగను బయటికి పంపే గొట్టాల భాగం) గ్యాస్కెట్ పోయి ఇంజను టపటపమని శబ్దం చేస్తోంది. మార్చుదామని మొదలుపెడితే నట్లు ఒక్కటీ కదలలేదు. ఒక నట్టు మూలలు అరిగి గుండ్రమైపోయింది. టైమింగ్ బెల్టు కూడా మార్చాలి, కానీ దానికి అడ్డుగా ఉన్న క్రాంక్ పుల్లీ, అంటే ఇంజను చివరి బెల్టు చక్రం, పట్టేసి ఉంది. నిరుడు కొన్న నూటెనిమిది ముక్కల పనిముట్ల పెట్టె ఉంది. మా బావమరిది బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ గన్ కొనమంటున్నాడు. పక్కింటాయన ఉలి పెట్టి సుత్తితో కొడితే అదే వస్తుందంటున్నారు. పుల్లీని లాగి తీసే పుల్లర్ కొందామని దుకాణానికి వెళితే రెండు కాళ్లదా, మూడు కాళ్లదా అని అడిగారు. ఏం చెప్పాలో తెలియక తిరిగి వచ్చేశాను. వీటిలో దేనికి డబ్బు పెట్టమంటారు?

సమాధానం: దుకాణం నుంచి ఏమీ కొనకుండా తిరిగి వచ్చారు, మంచి పని చేశారు. పుల్లీని వంగి చూడకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఎవరి వల్లా కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు నట్ల పని చూద్దాం, ఎందుకంటే మీ ఉత్తరం చదవగానే నాకు భయం వేసింది వాటి గురించే.

ఇంజనులో ఏదైనా పట్టేసినప్పుడు, అక్కడున్న వాటిలో ఏది పాడైతే ఎక్కువ నష్టమో నేను మొదట చూసుకుంటాను. మీ బండిలో నట్టు పోతే కొత్తది కొన్ని రూపాయలకు దొరుకుతుంది. నట్టు ఎక్కే తల లేని బోల్టు, అంటే స్టడ్డు, విరిగితే ఒక రోజు శ్రమ. ఆ స్టడ్డు దిగబడి ఉన్న సిలిండర్ హెడ్ మాత్రం అల్యూమినియం. దానిలోని మరలు చెడినా, అంచు పగిలినా ఖర్చు వేలల్లో ఉంటుంది, బండి చాలా రోజులు కదలదు. కాబట్టి నట్టును పాడు చేసుకునైనా స్టడ్డును, స్టడ్డును పాడు చేసుకునైనా హెడ్‌ను కాపాడే పనిముట్టు కావాలి మీకు. బావమరిది మాటనూ పక్కింటాయన మాటనూ ఈ తక్కెడలోనే తూచి చూద్దాం.

మీ పెట్టె తెరిచి 12 నంబరు సాకెట్ లోపలికి చూడండి. మూలలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. చాలా పెట్టెల్లో పన్నెండు ఉంటాయి. అటువంటి సాకెట్‌ను ఏ కోణంలోనైనా సులువుగా తొడగవచ్చు కానీ, అది నట్టును మూలల దగ్గరే పట్టుకుంటుంది. మూల తుప్పుతో మెత్తబడి ఉంటే చెక్కేసుకుంటూ తిరిగిపోతుంది. మీ నట్టు గుండ్రం కావడానికి ఎక్కువ అవకాశం ఇక్కడే ఉంది. ఆరు మూలల సాకెట్ అయితే నట్టు పలకల మీద బలం వేస్తుంది. దుకాణంలో ఆరు మూలలదాన్ని హెక్స్ అని, పన్నెండు మూలలదాన్ని బై హెక్స్ అని అంటారు. మీరు హెక్స్ అని గట్టిగా అడగండి. బై హెక్స్ చేతిలో పెట్టి రెండూ ఒకటేనంటే ఒప్పుకోవద్దు.

ఇంకో సంగతి కూడా చూడాలి. మారుతిలో బోల్టు తలలు జపాను పద్ధతి కొలతల్లో ఉంటాయి. మర 6 మిల్లీమీటర్లైతే తల 10, మర 8 అయితే తల 12, మర 10 అయితే 14, మర 12 అయితే 17. ఐరోపా పద్ధతిలో 8 మిల్లీమీటర్ల మరకు 13 నంబరు తల ఉంటుంది. మామూలు హార్డ్‌వేర్ దుకాణంలో విడిగా దొరికే నట్లు చాలావరకు ఆ 13 నంబరువే. మీ బండికి ఇరవై ఏళ్లు. ఈలోపు ఏదో షెడ్డులో ఒక నట్టు పోతే హార్డ్‌వేర్ నట్టు వేసి ఉండవచ్చు. అప్పుడు పక్కపక్కనే ఒకటి 12, ఒకటి 13 ఉంటాయి. 13 సాకెట్ 12 తల మీద కూడా కూర్చున్నట్టే కూర్చుంటుంది, బలం వేయగానే జారుతుంది. అందుకే ప్రతి నట్టునూ వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, సాకెట్ తొడిగి, చేత్తో అటూఇటూ ఊపి చూడండి. వదులు కనిపిస్తే ముందుకు వెళ్లవద్దు.

కనుక మొదటి ఖర్చు ఇది: 10, 12, 13, 14, 17 నంబర్లలో ఆరు మూలల సాకెట్లు, విడివిడిగా, మంచి రకానివి. తపారియా వంటి మన దేశపు కంపెనీలవి ఒక్కొక్కటిగా దొరుకుతాయి. 12, 13 మాత్రం పొడవాటివి, అంటే డీప్ సాకెట్లు తీసుకోండి. మానిఫోల్డ్ స్టడ్డు నట్టును దాటి బయటికి పొడుచుకు వస్తుంది కాబట్టి, పొట్టి సాకెట్ అడుగు దాకా దిగక నట్టు పై అంచునే పట్టుకుంటుంది. నూటెనిమిది ముక్కల కంటే ఈ అయిదారు ముక్కలు మీకు ఎక్కువ పనికొస్తాయి.

ఇక హ్యాండిల్ సంగతి. ఇందులో చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. కదలకపోతే పైపు తొడిగి పొడవు పెంచుతారు. లెక్క చూడండి. 25 సెంటీమీటర్ల హ్యాండిల్ చివర 40 కిలోల బరువు వేస్తే నట్టు మీద సుమారు 100 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. 60 సెంటీమీటర్ల రాడ్డుతో అదే బలానికి సుమారు 235 పడుతుంది. మానిఫోల్డ్ నట్లను కర్మాగారంలో బిగించేది సుమారు 25 దగ్గర! ఆ స్టడ్డు మందం 8 మిల్లీమీటర్లే, పైగా ఏళ్ల తరబడి వేడికి కాలి, ఉప్పు గాలికి తుప్పు పట్టి సన్నబడింది. పొడుగు రాడ్డు దాన్ని విరిచేటప్పుడు మీ చేతికి తెలియనే తెలియదు. మానిఫోల్డ్ దగ్గర పొట్టి హ్యాండిలే వాడండి, నట్టు లోపల ఏం జరుగుతోందో అరచేతికి తెలియాలి. పొడవు రాడ్డు క్రాంక్ పుల్లీ బోల్టుకు కావాలి, దాన్ని అక్కడికే దాచుకోండి. ఒక మాట, గట్టిగా ఉన్నదాన్ని మొదట కదిలించడానికి రాచెట్, అంటే టకటకమంటూ ఒక వైపే పట్టే హ్యాండిల్, వాడవద్దు, లోపలి పళ్లు విరుగుతాయి. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ అసలే వాడవద్దు, అది బిగించడానికి మాత్రమే.

సాకెట్ తర్వాత నూనె. సముద్రపు గాలిలోని ఉప్పు తుప్పును తొందరపెడుతుంది. తుప్పు తాను తినేసిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే మరల మధ్య సందు పూడుకుపోయి నట్టు అతుక్కుపోయినట్టు ఉంటుంది. ఆ సందులోకి పాకగలిగే పల్చటి నూనె కావాలి. అందరి ఇళ్లలో కనిపించే డబ్ల్యూడీ-40 మొదట 1953లో తేమను తరిమేయడానికి చేసినది, దాని పేరులోని 40 నలభయ్యో ప్రయత్నంలో ఆ మిశ్రమం కుదిరిందని చెప్పే అంకె. కొంత పనిచేస్తుంది. తుప్పు వదలడానికే చేసిన పెనెట్రేటింగ్ ఆయిల్ అని రాసి ఉన్న డబ్బా దొరికితే అది ఇంకా మంచిది. ఏది వాడినా తొందరపడితే లాభం లేదు. సాయంత్రం బండిని కాసేపు తిప్పి తీసుకురండి. మానిఫోల్డ్ చేత్తో తాకగలిగేంత చల్లబడే దాకా ఆగి, నట్టు మీదా స్టడ్డు చివరా నూనె కొట్టి, రాత్రంతా వదిలేయండి. లోహం చల్లబడుతూ కుదించుకునేటప్పుడు నూనె సందుల్లోకి దిగుతుంది. మరునాడు బండి తిప్పే ముందు పైపైన ఉన్న నూనెను గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. మూడు సాయంత్రాలు ఇలా చేయండి. ఎర్రగా కాలుతున్న మానిఫోల్డ్ మీద మాత్రం ఏ నూనే కొట్టవద్దు, మంట అంటుకుంటుంది.

పక్కింటాయన మాటలో కొంత నిజం ఉంది, అది పనికొచ్చేది ఇక్కడే. నూనె పెట్టిన తర్వాత ఒక ఇత్తడి కడ్డీని స్టడ్డు చివర నిటారుగా ఆనించి, చిన్న సుత్తితో పది పదిహేను తేలికపాటి దెబ్బలు కొడితే ఆ అదురుకు తుప్పు పొర పగుళ్లు ఇస్తుంది, నూనెకు దారి దొరుకుతుంది. ఉలి సంగతి వేరు. ఉలితో నట్టును చీల్చవచ్చు కానీ, ఒక్క దెబ్బ గురి తప్పితే అది దిగేది అల్యూమినియం హెడ్‌లోనే. నట్టును చీల్చాలంటే నట్ స్ప్లిట్టర్ అనే చిన్న పనిముట్టు ఉంది. ఉంగరంలా నట్టుకు తొడిగి మర తిప్పితే, పక్క నుంచి ఒక మొన నెమ్మదిగా దిగి నట్టును చీలుస్తుంది. చుట్టూ అది పట్టేంత చోటు ఉంటే ఉలికి బదులు అదే వాడండి.

ఇప్పుడు విప్పడం. మొదట విప్పే వైపు కాకుండా బిగించే వైపు చాలా కొద్దిగా ఒత్తండి. కిర్రుమంటే చాలు, తుప్పు వదిలిందని అర్థం. తర్వాత విప్పే వైపు పావు చుట్టు, మళ్లీ వెనక్కి, కాస్త నూనె, మళ్లీ ముందుకు. అయిదు నిమిషాల్లో అయ్యే పనికి అరగంట పట్టినా పట్టనివ్వండి. నట్టు తిరుగుతూ తిరుగుతూ బిగుతు పెరుగుతోందంటే ఆపేయండి, మరల్లో తుప్పు ముద్ద చేరిందన్నమాట. మరో రకం ఇంకా ప్రమాదకరం: బిగుతు తగ్గకుండానే చేతికి రబ్బరు మెలిపెడుతున్నట్టు మెత్తగా అనిపిస్తుంది. అది నట్టు తిరగడం కాదు, స్టడ్డు మెలి తిరుగుతోంది. వెంటనే చేయి తీసేయాలి. ఆ తేడా చేతికి పట్టుబడాలంటే, ముందుగా అన్నిటికన్నా సులువుగా చేయి అందే నట్టుతో మొదలుపెట్టండి, గుండ్రమైనదాన్ని చివరికి ఉంచండి.

గుండ్రమైన నట్టు 12 దైతే, ఆరు మూలల 11 సాకెట్‌ను సుత్తితో కొట్టి దాని మీద దింపి చూడండి. చాలాసార్లు దాంతోనే వస్తుంది, ఆ సాకెట్ పోయినా పరవాలేదు. రాకపోతే లోపల మెలికల పళ్లు ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ కొనండి. విప్పుతున్న కొద్దీ అది నట్టును ఇంకా గట్టిగా కొరుకుతుంది. చిన్న సెట్టు కొని ఉంచుకున్నా వృథా కాదు, సముద్రం పక్కన ఉన్న ఇంట్లో మళ్లీ అవసరం పడుతుంది.

వేడి సంగతి ఆలోచించి చెబుతున్నాను. నట్టును మాత్రమే వేడి చేస్తే అది స్టడ్డు కన్నా ముందు వ్యాకోచించి పట్టు వదులుతుంది. వేడిగా ఉన్న నట్టుకు కొవ్వొత్తి ఆనిస్తే కరిగిన మైనం మరల్లోకి పీల్చుకుపోతుంది. ఇవి రెండూ బాగా పనిచేసే పద్ధతులు. కానీ మీ ఇంటి పోర్టికోలో, పెట్రోల్ గొట్టాలు పక్కనే ఉన్న ఇంజను గదిలో, మూడు రోజులుగా నూనె కొట్టిన చోట మంట పెట్టమని నేను చెప్పలేను. బండికి గ్యాస్ కిట్ ఉంటే ఆ ఆలోచనే వద్దు. బ్రేకులు శుభ్రం చేసే స్ప్రేలు కొన్నిటిలో క్లోరిన్ ద్రావకాలు ఉంటాయి, అవి వేడెక్కితే విషవాయువు పుడుతుంది. నూనె, ఓపిక, సరైన సాకెట్ మూడూ విఫలమైతే గాజువాక ఆటోనగర్‌లో వెల్డింగ్ తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లండి. గుండ్రమైన నట్టు మీద కొత్త నట్టు వెల్డ్ చేసి, ఆ వేడి మీదనే తిప్పి తీసేస్తారు. ముందుగా బ్యాటరీ తీగలు రెండూ తీయించండి. మీది పెట్రోలును కంప్యూటర్ అదుపులో చిమ్మే ఇంజెక్షన్ బండి, వెల్డింగ్ కరెంటు ఆ కంప్యూటర్‌ను పాడుచేయవచ్చు.

ఇంకో హెచ్చరిక, ఇది నేను స్వయంగా డబ్బు కట్టి నేర్చుకున్నది. స్టడ్డు హెడ్ మట్టానికి విరిగిపోతే దుకాణంలో ఈజీ ఔట్ అని ఎడమ మెలికల పనిముట్టు ఇస్తారు. విరిగినదానికి మధ్యలో రంధ్రం చేసి, దీన్ని దింపి వెనక్కి తిప్పాలి. తుప్పుతో పట్టేసిన స్టడ్డుకు నేను ఒకసారి సన్నపాటిది వాడాను, అది లోపలే విరిగింది. అది ఎంత గట్టి ఉక్కు అంటే మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద జారిపోతుంది. చివరికి హెడ్ ఊడదీసి, విద్యుత్ మెరుపులతో లోహాన్ని కరిగించే స్పార్క్ ఎరోజన్ యంత్రం ఉన్న చోటికి తీసుకెళ్లాల్సి వచ్చింది. నట్టుకు మొదలైన గొడవ హెడ్ దాకా వెళ్లింది. మీకు స్టడ్డు విరిగితే దాన్ని అలాగే వదిలేయండి. బయటికి రెండు మిల్లీమీటర్లు మిగిలి ఉన్నా వెల్డింగ్ చేసే మనిషికి పని సులువు. దాన్ని గీకి, తొలిచి, చిందరవందర చేస్తే ఆయన చేయగలిగేది కూడా తగ్గిపోతుంది.

ఇప్పుడు పుల్లీ. బావమరిది చెప్పిన ఇంపాక్ట్ గన్ ఇక్కడ నిజంగా మేలు చేస్తుంది. మధ్య బోల్టు లావైనది, అది పడే బలం తట్టుకుంటుంది, సుత్తిదెబ్బల్లా పడే ఆ అదురుకు పట్టు సడలుతుంది. ఒక్క బోల్టు కోసం గన్ కొనడం మాత్రం అనవసరం. ఎవరి దగ్గరైనా ఒక పూట అడిగి తెచ్చుకోవచ్చు, లేదా పొడుగు రాడ్డు చాలు. గన్ వాడితే నల్లటి ఇంపాక్ట్ సాకెట్ మాత్రమే తొడగండి. మెరిసే క్రోమ్ వెనేడియం సాకెట్లు చేతిపనికి చేసినవి, ఆ దెబ్బలకు పగిలి ముక్కలు ఎగురుతాయి. కళ్లద్దాలు తప్పనిసరి. రాడ్డుతో తీసేటప్పుడు ఇంజను తిరిగిపోకుండా గేరును అన్నిటికన్నా పై గేరులో వేసి, లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కించండి. రాడ్డును నేలకు ఆనించి స్టార్టర్ ఒక్కసారి తిప్పితే బోల్టు వదులుతుందని కొందరు చెబుతారు. చేయి విరగడానికి అది దగ్గర దారి. బండిని లేపితే జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్ల మీద నిలపండి.

బోల్టు వచ్చాక పుల్లీ రాకపోతే పుల్లర్. ముందు టార్చి వేసి చూడండి. మధ్య బోల్టుతో పాటు చుట్టూ చిన్న బోల్టులు ఉన్నాయా? వాటిని చూసి విప్పకుండా పుల్లర్ బిగించి పుల్లీ విరగ్గొట్టిన వాళ్లను చూశాను. తర్వాత పుల్లీ ముఖం మీద మరలున్న ఖాళీ రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే కాళ్ల పుల్లర్ అక్కర్లేదు, రంధ్రాల్లోకి బోల్టులు వేసి లాగే చదునైన పుల్లర్ చాలు, అన్నిటిలో భద్రమైనది అదే. రంధ్రాలు లేకపోతే అంచు ఎలా ఉందో చూడండి. కొన్ని కార్లలో పుల్లీ రెండు ఇనుప వలయాలుగా ఉండి మధ్యలో రబ్బరు ఉంటుంది. అటువంటిదాని బయటి అంచుకు కాళ్లు తగిలించి లాగితే రబ్బరు ఊడి పుల్లీ పనికిరాకుండా పోతుంది. అంచు పల్చటి రేకైతే వంగిపోతుంది. లోపలి దిట్టమైన భాగం వెనక కాళ్లు దూరే చోటు ఉంటేనే కాళ్ల పుల్లర్. చోటు సరిపోతే మూడు కాళ్లదే తీసుకోండి, లాగే బలం చుట్టూ సమంగా పడుతుంది కాబట్టి పుల్లీ ఒక వైపు ఒరగదు. ఇరుకుగా ఉంటే రెండు కాళ్లది.

అన్నిటికన్నా ముఖ్యం, చక్రం తీసి పుల్లీకీ బాడీకీ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలు పెట్టి కొలవండి. చిన్న కార్లలో ఆ సందు చాలా తక్కువ. పుల్లర్ మర పూర్తిగా వెనక్కి ఉన్నప్పుడు ఎంత పొడవు ఉంటుందో అదే పట్టాలి. ఆ అంకె, పుల్లీ వ్యాసం, రెండూ కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి. రెండు కాళ్లా మూడు కాళ్లా అని ఆయన అడిగినప్పుడు ఆ కాగితం చూపించండి.

పుల్లర్ బిగించే ముందు మధ్య బోల్టును కొన్ని చుట్లు మళ్లీ లోపలికి వేసి, తల కొంచెం బయటికి ఉంచండి. పుల్లర్ మొన ఆ తల మీద ఒత్తుతుంది, క్రాంక్ షాఫ్ట్ లోపలి మరలు చెడిపోవు. బిగించి, ఒక నిమిషం ఆగి, మళ్లీ పావు చుట్టు. పుల్లీ వెనక స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తిపెట్టవద్దు, ఆయిల్ సీలు అక్కడే ఉంటుంది.

తిరిగి అమర్చేటప్పుడు పాత నట్లు, గ్యాస్కెట్ మళ్లీ వాడవద్దు. ఇత్తడి నట్లు దొరికితే మానిఫోల్డ్‌కు అవే వేయండి, వేడికీ ఉప్పుకీ స్టడ్డుకు అతుక్కోవు. స్టడ్డు మరలకు రాగి పొడి కలిపిన యాంటీ సీజ్ ముద్దను, అంటే మరలు పట్టేయకుండా ఆపేదాన్ని, పల్చగా రాయండి. రాసిన తర్వాత బిగించే బలం కొంచెం తగ్గించాలి, మరలు నున్నగా తిరుగుతాయి కాబట్టి అదే అంకెకు ఎక్కువ బిగుసుకుంటాయి.

విప్పుతుంటే నట్టు కదలకుండా, నట్టుతో పాటు స్టడ్డే మొత్తంగా హెడ్ నుంచి ఊడి వస్తే కంగారు పడకండి. అది మీకు కలిసివచ్చినట్టే. రంధ్రంలోకి సరైన కొలత టాప్‌ను (మరలు కోసే పనిముట్టు) చేత్తో మెల్లగా తిప్పి పాత తుప్పు తీసేసి, గాలి ఊది శుభ్రం చేసి, కొత్త స్టడ్డు వేసుకోండి.